ఆబగా ఏరుకునే అల్గారిథమ్: విరళ నమూనాలలో చలరాశుల ఎంపిక

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే రహదారిపై, హబ్సిగూడలో, రెండు జాతీయ పరిశోధన సంస్థలు కొద్ది దూరంలోనే ఉన్నాయి. ఒకటి 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. రెండవది కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అనగా అందరూ సి.సి.ఎం.బి. అని పిలిచే సంస్థ. ఒకటి భూమి పొరలను, మరొకటి జీవకణాన్ని పరిశీలిస్తాయి. పైకి వీటికి పొంతన కనిపించదు. అయితే తిరిగి వచ్చిన ప్రకంపనల నమోదు నుంచి ఏ కొద్ది లోతులలో రాతిపొర మారుతున్నదో తేల్చడమైనా, వేలాది జన్యు సూచికలలో తెగులును తట్టుకునే గుణంతో ముడిపడిన రెండు మూడింటిని పట్టుకోవడమైనా, గణితం దృష్టిలో ఒకే సమస్య. కొలిచినవి అనేకం, వాటిలో నిజంగా పని చేసేవి కొన్నే. ఆ కొన్నింటిని ఏ క్రమంలో, ఏ ఖర్చుతో, ఎంత నమ్మకంతో ఏరాలి?

ఇలా అధిక భాగం గుణకాలు సున్నాగా ఉండి కొద్ది గుణకాలు మాత్రమే నిలిచే నమూనాను విరళ నమూనా అంటారు. దాన్ని నిర్మించేందుకు అన్నింటికంటే పాతది, సులువైనది, నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది గ్రీడీ పద్ధతి. ప్రతి అడుగులోనూ ఆ క్షణాన ఎక్కువ లాభం ఇచ్చే చలరాశిని ఆబగా అందుకోవడం, తీసుకున్నదాన్ని అలాగే ఉంచుకొని తరువాతి దానికి పోవడం దాని స్వభావం. వ్యవసాయ పరిశోధనలో దిగుబడి కారకాల గుర్తింపు, వాతావరణ ఆధారిత చీడపీడల ముందస్తు సూచన, నేల వర్ణపట విశ్లేషణ, జన్యు సూచికల అధ్యయనం మొదలైన వాటన్నింటిలోనూ ఈ పద్ధతి ఏదో ఒక రూపంలో ఉన్నది. స్టెప్‌వైజ్ రిగ్రెషన్ అన్న పేరుతో సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుకు లభించే ఈ పద్ధతి ఎప్పుడు నిజం చెబుతుందో, ఎప్పుడు చెప్పదో విద్యార్థికి తెలియడం అవసరం. ఎందుకంటే అలా ఎంపికైన చలరాశే తరువాత విస్తరణ సలహాగా మారి రైతు పొలానికి చేరుతుంది.

సాంబ మసూరి చెప్పే పాఠం

ఈ తర్కం పొలంలో ఎలా నడిచిందో చూడటానికి హబ్సిగూడ ప్రయోగశాలకు సంబంధించిన ఒక వరి రకాన్ని మించిన ఉదాహరణ లేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరిని రైతులు నేటికీ బీపీటీ అనే పిలుస్తారు. సన్నని గింజ, వండితే వచ్చే నాణ్యత, మంచి దిగుబడి దాని బలాలు. బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోవడం దాని బలహీనత. సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్‌లోని నాటి వరి పరిశోధన సంచాలకాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కలిసి ఈ బలహీనతను సరిదిద్దేందుకు పూనుకున్నారు. మూడు నిరోధక జన్యువులు సమయుగ్మజ స్థితిలో ఉన్న ఎస్.ఎస్. 1113 అనే దాత వంశంతో సాంబ మసూరిని సంకరపరచి, నాలుగు తరాల పాటు తిరిగి సాంబ మసూరితోనే బ్యాక్‌క్రాస్ చేశారు. ఫలితంగా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఆ మూడు జన్యువులలో ఎక్స్.ఎ. 21 బహిర్గతమైనది. ఎక్స్.ఎ. 13, ఎక్స్.ఎ. 5 అంతర్గతమైనవి. ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. బ్యాక్‌క్రాస్ తరాలలో ప్రతి మొక్కలోనూ ఈ జన్యువులు, ఉంటే గింటే, విషమయుగ్మజ స్థితిలోనే ఉంటాయి. కనుక అంతర్గత జన్యువులను మోస్తున్న మొక్కకూ, మోయని మొక్కకూ తెగులు పరీక్షలో తేడా కనిపించదు. పైగా ఎక్స్.ఎ. 21 ఒక్కటి ఉన్నా మొక్క ఆరోగ్యంగా నిలిచి మిగిలిన రెండింటి ఉనికిని కప్పివేస్తుంది. కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి ఏరితే ఆ రెండు జన్యువులూ ఎప్పుడు జారిపోయాయో కూడా తెలియదు. జన్యువులకు అతి సమీపంలో ఉన్న మార్కర్ల సహాయంతోనే ఆ ఎంపిక సాధ్యమైంది.

ఎంపిక రెండు మెట్లుగా సాగింది. మొదట మూడు మార్కర్లూ ఉన్న మొక్కలను మాత్రమే నిలుపుకున్నారు. మూడు జన్యువులు వేర్వేరు క్రోమోజోములపై (11, 8, 5) ఉన్నందున సగటున ప్రతి ఎనిమిది మొక్కలలో ఒకటి మాత్రమే ఈ మెట్టు దాటుతుంది. అలా నిలిచిన వాటిలో, జన్యుసముదాయమంతటా విస్తరించిన మైక్రోశాటిలైట్ మార్కర్ల ఆధారంగా సాంబ మసూరికి అత్యంత దగ్గరగా ఉన్న మొక్కను ఎన్నుకొని తరువాతి సంకరానికి వాడారు. మార్కర్ల ఎంపిక లేకుండా కూడా నాలుగు బ్యాక్‌క్రాస్‌ల తరువాత తల్లి రకపు జన్యుభాగం సగటున 96.9 శాతానికి చేరుతుంది. మార్కర్లతో ఏరితే అంతకన్నా త్వరగా, అంతకన్నా దగ్గరగా చేరవచ్చు.

ఈ ప్రక్రియను గణిత శాస్త్రజ్ఞుడు చూస్తే వెంటనే గ్రీడీ అల్గారిథమ్ అంటాడు. ఆ తరంలో అందుబాటులో ఉన్న వాటిలో ఉత్తమమైనది తీసుకోవడం, వెనక్కి పోకపోవడం, అదే పని మళ్ళీ చేయడం. ఈ సీజనులో సంకరానికి వాడని మొక్క వచ్చే సీజనుకు మిగలదు కదా! ఇది ఇంత బాగా పని చేయడానికి కారణమున్నది. ఒక తరంలో మిగిలిపోయిన దాత ముక్కను తరువాతి తరంలో తొలగించుకునే అవకాశం సాధారణంగా ఉంటుంది. అంటే ఒక అడుగులోని లోటు తరువాతి అడుగులను మూసివేయదు.

అయితే ఒక మినహాయింపు ఉన్నది. కావలసిన జన్యువుకు ఆనుకొని ఉన్న దాత ముక్క అంత తేలికగా తెగదు. మార్కర్లు లేకుండా అనేకసార్లు బ్యాక్‌క్రాస్ చేసిన టమాట రకాలలో నిరోధక జన్యువు చుట్టూ పొడవైన దాత ముక్కలు మిగిలిపోయాయని యంగ్, టాంక్‌స్లీ 1989లో చూపారు. మొత్తం మీద 92 శాతం తల్లి రకాన్ని పోలిన మొక్క ఒకటి, 88 శాతం మాత్రమే పోలినా జన్యువు పక్కనే ముక్క తెగిన మొక్క మరొకటి ఉన్నాయనుకుందాం. ఆబగా ఏరేవాడు మొదటి దాన్ని తీసుకుంటాడు. అనుభవం ఉన్న ప్రజననకారుడు రెండవదాన్ని తీసుకుంటాడు. 88ని 95 చేయడానికి ఒకటి రెండు తరాలు చాలు. జన్యువు పక్కనే జరిగే పునఃసంయోగం మాత్రం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. గ్రీడీ పద్ధతుల గురించి గణిత శాస్త్రం తరువాత చెప్పబోయేదంతా ఈ రెండు మొక్కల మధ్య తేడాలో ఇమిడి ఉన్నది.

అన్నీ వెదకడం ఎందుకు కుదరదు

ఇరవై చలరాశులుంటే వాటి నుంచి ఏర్పడే ఉపసమితులు 10,48,576. నలభై ఉంటే సుమారు 1.1 లక్షల కోట్లు. యాభై చలరాశులలో సరిగ్గా ఐదింటిని ఎన్నుకోవాలన్నా 21,18,760 నమూనాలను పోల్చాలి. గ్రీడీ పద్ధతికి అదే పని 50, 49, 48, 47, 46 కలిపి 240 నమూనాలతో ముగుస్తుంది. ఇది కేవలం కంప్యూటరు వేగానికి సంబంధించిన ఇబ్బంది కాదు. అతి తక్కువ చలరాశులతో నిర్దేశిత కచ్చితత్వాన్ని సాధించే సమస్య సాధారణ రూపంలో ఎన్.పి.-కఠిన తరగతికి చెందినదని నటరాజన్ 1995లో నిరూపించాడు. కనుక ఏదో ఒక అడ్డదారి తప్పదు.

ఎఫ్రాయ్‌మ్‌సన్ 1960లో కంప్యూటరుకు అనువుగా రూపొందించిన స్టెప్‌వైజ్ పద్ధతి ఆ అడ్డదారులలో పేరున్నది. 1993లో మల్లా, ఝాంగ్ సంకేతాల విశ్లేషణకు మ్యాచింగ్ పర్స్యూట్‌ను ప్రతిపాదించారు. అదే ఏడాది పతి, రెజాయిఫర్, కృష్ణప్రసాద్ దానికి ఆర్థోగనల్ రూపమిచ్చారు. పద్ధతి సరళమైనది. ఇప్పటివరకు ఉన్న నమూనా వివరించలేక మిగిలిన శేషాన్ని తీసుకొని, దానితో అత్యధిక సహసంబంధం ఉన్న చలరాశిని చేర్చాలి. చేర్చిన ప్రతిసారీ అన్ని గుణకాలనూ తిరిగి అంచనా వేసి కొత్త శేషాన్ని గణించాలి. వ్యవసాయ గణాంకంలో స్టెప్‌వైజ్ నేర్చుకున్నవారికి ఇందులో అపరిచితమైనది ఏదీ లేదు.

మన విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇంతకన్నా దగ్గరి బంధువు మరొకటి ఉన్నది. జన్యు వైవిధ్య అధ్యయనాలలో మహలనోబిస్ డి-స్క్వేర్ గణించి టోచర్ పద్ధతిలో సమూహాలు చేయని సిద్ధాంత గ్రంథం అరుదు. 1952లో వెలువడిన సి.ఆర్. రావు గ్రంథం ద్వారా ప్రసిద్ధమైన ఆ పద్ధతి అచ్చమైన గ్రీడీ అల్గారిథమ్. అతి దగ్గరి రెండు జన్యురూపాలతో మొదలుపెట్టి, వాటికి సగటున అతి దగ్గరగా ఉన్న మూడవదాన్ని చేర్చి, దూరం హఠాత్తుగా పెరిగినప్పుడు ఆగి, మిగిలిన వాటితో మరో సమూహం మొదలుపెడతారు. ఒకసారి చేరిన జన్యురూపాన్ని తిరిగి పరిశీలించడం ఉండదు. మొదటి సమూహం కిక్కిరిసి ఉండటం, చివరివి ఏకసభ్య సమూహాలుగా తేలడం తరచూ కనిపించే ఫలితం. అటువంటి ఒంటరి జన్యురూపాన్ని విశిష్ట వైవిధ్యానికి గుర్తుగా వర్ణించి సంకరణకు సిఫారసు చేసే ముందు, ఆ ఒంటరితనం మొక్కదా లేక ఏరిన క్రమానిదా అని ఒకసారి అడగవలసి ఉన్నది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పని చేసిన ఆ రావే 1940ల చివరలో మరో మౌలిక ప్రశ్న వేశాడు. ఇప్పటికే కొన్ని కొలతలు ఉండగా, కొత్త కొలత అదనంగా ఏమైనా సమాచారం ఇస్తున్నదా? ఒక కొలత విడిగా ఎంత గొప్పదన్నది కాదు, ఉన్నవాటికి అది ఏం చేరుస్తున్నదన్నదే విషయం. నేటి చలరాశుల ఎంపిక శాస్త్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

తరుగు ప్రతిఫలం, దాని మినహాయింపు

గ్రీడీ పద్ధతి ఉత్తమ సమాధానానికి ఎంత దగ్గరగా వస్తుందన్నదానికి ఒక చక్కని ఫలితం ఉన్నది. లాభాన్ని ఇచ్చే ప్రమేయం తరుగు ప్రతిఫల సూత్రాన్ని పాటిస్తూ, కొత్తది చేర్చినప్పుడు ఎన్నడూ తగ్గకుండా ఉంటే, ఆబగా ఏరిన సమితి ఉత్తమ సమితి ఇచ్చే లాభంలో కనీసం 63 శాతాన్ని తప్పక సాధిస్తుందని నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ 1978లో నిరూపించారు. తరుగు ప్రతిఫలం సేద్య శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. నత్రజని మొదటి మోతాదుకు వచ్చే స్పందన నాలుగవ మోతాదుకు రాదన్న మిట్‌షర్లిష్ సూత్రం ప్రతి విద్యార్థీ చదివినదే. చలరాశుల విషయంలో దీని అర్థం, ఉన్న చలరాశుల సంఖ్య పెరిగేకొద్దీ కొత్త చలరాశి తెచ్చే అదనపు వివరణ తగ్గుతూ పోవడం.

చలరాశులు అన్నిసార్లూ ఇలా ప్రవర్తించవు. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక పంట దిగుబడి పగటి, రాత్రి ఉష్ణోగ్రతల మధ్య తేడాపై మాత్రమే ఆధారపడి ఉన్నదనుకుందాం. ఆ రెండింటి విచలనాలు సమానం, వాటి మధ్య సహసంబంధం 0.9. అప్పుడు పగటి ఉష్ణోగ్రతకు దిగుబడితో సహసంబంధం 0.22 మాత్రమే. రాత్రి ఉష్ణోగ్రతకూ అంతే, గుర్తు మాత్రం రుణాత్మకం. విడివిడిగా ఒక్కొక్కటి 5 శాతం వైవిధ్యాన్ని మాత్రమే వివరిస్తుంది. రెండూ కలిస్తే నూటికి నూరు శాతం! ఇప్పుడు దిగుబడితో 0.6 సహసంబంధం ఉన్న సూర్యరశ్మి గంటలను పక్కన చేర్చితే, గ్రీడీ పద్ధతి ముందుగా దాన్నే పట్టుకుంటుంది. తరువాతి చలరాశి నిర్ణీత 5 శాతం సార్థకతా స్థాయిని దాటకపోతే అక్కడే ఆగిపోతుంది కూడా. అసలు కారకాల జంట బయటే ఉండిపోతుంది. ఎక్స్.ఎ. 13, ఎక్స్.ఎ. 5 జన్యువులు తెగులు పరీక్షకు కనిపించకపోవడానికి కారణం వేరైనా, ఒక్కొక్కదాన్నే చూసే కంటికి అందకపోవడం రెండింటికీ సమానం.

పరస్పర సహసంబంధం ఎంత ఉంటే హామీ నిలుస్తుందన్నదానికి 2004లో ట్రాప్ ఒక కొలమానం ఇచ్చాడు. చలరాశుల మధ్య అత్యధిక సహసంబంధం 0.1 అయితే, కొలతలలో దోషం లేనప్పుడు, ఐదు నిజమైన చలరాశుల వరకు ఆర్థోగనల్ పద్ధతి తప్పక గుర్తిస్తుంది. అది 0.2 అయితే రెండే. 0.9 అయితే ఒక్కటే. ఇది కనిష్ఠ హామీ మాత్రమే. ఆచరణలో పద్ధతి ఇంతకన్నా మెరుగ్గానే పని చేస్తుంది. అయినా గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఉదయపు, సాయంకాలపు ఆర్ద్రతలు, వారం వారీ వర్షపాతాలు ఒకే పట్టికలో ఉన్న చీడపీడల అధ్యయనంలో ఈ సంఖ్యలను గుర్తుంచుకోవడం మేలు. వర్ణపటంలో పరిస్థితి మరీ కఠినం. 350 నుంచి 2500 నానోమీటర్ల వరకు ఒక్కో నానోమీటరుకు ఒక కొలత చొప్పున 2,151 చలరాశులు వస్తాయి. పక్కపక్క పట్టీలు దాదాపు ఒకదానికొకటి నకళ్ళు. అందుకే 2001లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సక్సెసివ్ ప్రొజెక్షన్స్ పద్ధతి, ఇప్పటికే తీసుకున్న పట్టీలతో అతి తక్కువ పోలిక ఉన్న పట్టీని తరువాత తీసుకుంటుంది. అదీ గ్రీడీ పద్ధతే, ఆశపడే వస్తువు మాత్రం వేరు.

తీసుకున్నదాన్ని వదలగలగడం మరో దిద్దుబాటు. టాంగ్ ఝాంగ్ 2008లో ప్రతిపాదించిన ముందు-వెనుక పద్ధతిలో, ఒక చలరాశిని తొలగిస్తే పెరిగే దోషం, అంతకుముందు అడుగులో తగ్గిన దోషంలో సగానికి మించకపోతే దాన్ని తీసివేస్తారు. పై ఉదాహరణలో రెండు ఉష్ణోగ్రతలూ ఎలాగో లోపలికి వచ్చిన తరువాత సూర్యరశ్మి అనవసరమవుతుంది. ముందుకు మాత్రమే నడిచే పద్ధతి దాన్ని మోస్తూనే ఉంటుంది, ఈ పద్ధతి దించివేస్తుంది.

గుణకాల పరమ మొత్తానికి పరిమితి విధించే లాసోను టిబ్‌షిరానీ 1996లో ప్రతిపాదించాడు. భూభౌతిక శాస్త్రంలో ఆ ఆలోచన 1970లలోనే ప్రకంపనల విశ్లేషణకు వాడుకలోకి వచ్చింది. హేస్టీ, ఇద్దరు టిబ్‌షిరానీలు చేసిన విస్తృత పోలికలో, సంకేతం బలంగా ఉన్నప్పుడు ఉత్తమ ఉపసమితి పద్ధతి, సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు లాసో సాధారణంగా మెరుగని, గ్రీడీ ఫార్వర్డ్ పద్ధతి ఉత్తమ ఉపసమితికి దాదాపు సమానంగా నిలుస్తుందని తేలింది. పొలం దత్తాంశంలో సంకేతం ఎప్పుడూ బలహీనమే. కాబట్టి ఖరీదైన వెదుకులాట కన్నా జాగ్రత్తగా చేసిన సరళ పద్ధతి చాలు. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది మరో చోట.

ఎంపిక తరువాత మిగిలే భ్రమ

ఇరవై ఐదు ప్రాంతాల దిగుబడి, నూరు చలరాశులు ఉన్నాయనుకుందాం. ఆ నూటిలో ఏ ఒక్కదానికీ దిగుబడితో సంబంధం లేకపోయినా, 5 శాతం స్థాయిని దాటే సహసంబంధాలు, అనగా 0.396ను మించినవి, సగటున ఐదు కనిపిస్తాయి. గ్రీడీ పద్ధతి సరిగ్గా వాటినే వెదికి పట్టుకుంటుంది. దాని పనే అది! 1983లో ఫ్రీడ్‌మన్ నూరు పరిశీలనలకు యాభై అర్థరహిత చలరాశులను జతచేసి, 25 శాతం స్థాయిలో వడపోసి, మిగిలిన వాటితో తిరిగి నమూనా వేశాడు. పదిహేను చలరాశులు నిలిచాయి. వాటిలో ఆరు 5 శాతం స్థాయిలో సార్థకమని తేలాయి. ఏమీ లేని చోట ఆరు ఆవిష్కరణలు.

ఎంపిక జరిగిన తరువాత అదే దత్తాంశంపై గణించిన పి-విలువకు మామూలు అర్థం ఉండదన్నది ఇందులోని సారాంశం. పరుగు పందెంలో గెలిచినవాడిని మాత్రమే పక్కకు తీసి, అతడు సగటు మనిషి కన్నా వేగవంతుడా అని పరీక్షించినట్లు ఉంటుంది ఆ లెక్క. క్రాస్-వాలిడేషన్ చేశామని చెప్పినా ముప్పు పోదు. మొత్తం దత్తాంశంతో చలరాశులను ముందే ఏరి, ఆపైన మిగిలిన నమూనాను మాత్రమే ముక్కలుగా పరీక్షించడం చాలా చోట్ల కనిపించే పొరపాటు. ఆంబ్రోయిజ్, మెక్లాక్లన్ 2002లో జన్యు వ్యక్తీకరణ దత్తాంశంపై ఈ పక్షపాతం ఎంత తీవ్రమైనదో చూపారు. ఎంపిక కూడా ప్రతి మడతలోనూ మొదటి నుంచి తిరిగి జరగాలి.

వ్యవసాయ దత్తాంశానికి ఇంకొక నిబంధన అవసరం. ఒకే ఖరీఫ్‌లోని ప్లాట్లను యాదృచ్ఛికంగా విడదీస్తే శిక్షణ భాగమూ, పరీక్ష భాగమూ ఒకే వాన తడిసినవే అవుతాయి. విడదీయవలసింది సంవత్సరాలను, లేదా ప్రాంతాలను. పది సంవత్సరాల దత్తాంశం ఉంటే ఒక్కో సంవత్సరాన్ని పూర్తిగా పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిదింటితో ఏరిక, అంచనా రెండూ చేసి, పక్కన పెట్టిన ఏడాదిపై పరీక్షించాలి. ఇలా చేస్తే వివరణ శాతం తగ్గుతుంది. సమీక్షకులు ఆ తగ్గిన సంఖ్యను చూసి వ్యాసాన్ని తిప్పిపంపకుండా ఉండటం కూడా ఈ సంస్కరణలో భాగమే.

ఒకే దత్తాంశం నుంచి మళ్ళీ మళ్ళీ ఉపనమూనాలు తీసి, ప్రతిసారీ గ్రీడీ ఎంపిక చేసి, ఏ చలరాశి ఎన్నిసార్లు ఎంపికైందో లెక్కించడం మరొక ఉపయోగకరమైన అలవాటు. మైన్స్‌హౌసెన్, బ్యూల్మన్ 2010లో దీనికి సైద్ధాంతిక పునాది వేశారు. నూరుసార్లలో తొంభైసార్లు వచ్చిన చలరాశి వేరు, ముప్ఫై ఐదుసార్లు వచ్చినది వేరు. తుది సమీకరణం ఒక్కటే ప్రచురిస్తే చదివేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గరిష్ఠ ఉష్ణోగ్రత, సూర్యరశ్మి గంటలు చెరి సగం సార్లు ఎంపికవుతూ, రెండూ కలిసి రావడం అరుదైతే, అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని ఆ పట్టికే చెబుతుంది. అప్పుడు ఏది సులువుగా కొలవగలమో దాన్ని ఉంచుకోవచ్చు. విస్తరణ కేంద్రంలో సూర్యరశ్మి కొలిచే పరికరం లేకపోవచ్చు, ఉష్ణోగ్రత మాపకం మాత్రం ఉంటుంది.

ఖర్చును లెక్కలోకి తెచ్చినప్పుడు గ్రీడీ పద్ధతి మరింత అక్కరకు వస్తుంది. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రం పథకంలో ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, ప్రధాన పోషకాలు మూడు, గంధకం, ఐదు సూక్ష్మ పోషకాలు కలిపి 12 అంశాలను పరీక్షిస్తారు. వీటి పరీక్ష ఖర్చులు సమానం కావు. ఒక మండలంలో జింకు లోపాన్ని మిగిలిన చౌక కొలతల నుంచి ఎంతవరకు ఊహించవచ్చు, ఎక్కడ నేరుగా పరీక్షించక తప్పదు అన్న ప్రశ్నకు, ప్రతి అడుగులో ఒక్కో రూపాయికి వచ్చే అదనపు సమాచారాన్ని బట్టి ఏరే పద్ధతి తగినది. పరీక్షించిన పత్రాల దత్తాంశం ఇప్పటికే సమకూరి ఉన్నది. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండు సీజన్ల నమూనాలతో, మండలాలను విడదీసి పరీక్షిస్తూ, ఎంపిక పౌనఃపున్యాల పట్టికతో సహా చేయదగిన పని ఇది.